కిన్నెరసాని ఒడ్డున ఐసు, ముప్పై ఆరో ఫోటో

ఆ రోజుల్లో ఫోటో తీసుడంటే భయం. ఇప్పటి పిల్లలకు చెప్తే నవ్వుతరు గానీ, నిజంగ భయమే. బటన్ నొక్కినంక ఆ ఫోటో వచ్చిందో రాలేదో తెలువాలంటే ముందుగాల రీలు పూర్తి కావాలె, అది బస్సుల ఖమ్మం ల్యాబుకు పోవాలె, అక్కడ కడిగి ప్రింటు కొట్టినంక మళ్ల బస్సుల మన కాడికి రావాలె. అన్ని రోజులూ ఫోటోగ్రాఫర్‌కు అన్నం సక్కగ దిగదు. రీలు కెమెరా లోపలి పళ్లకు పట్టిందో లేదో, లోపలికి వెలుతురు సొచ్చిందో ఏమో, తాళి కట్టే టైముకు పంతులు బుర్ర అడ్డం వచ్చిందో ఏమో! కెమెరా వెనక మూత ఒక్కసారి ఊడిందంటే ముప్పై ఆరు ఫోటోల పెళ్లి తెల్లకాగితం అయిపోతది. వాళ్లను మళ్ల పెళ్లి చేసుకోమని అడగలేం గద. (మా ఉస్తాద్ ఒకసారి అడిగిండట. ఆ ఊరికి మళ్ల పోలేదు.)

ఉస్తాద్ అంటే పాల్వంచల మా ఫోటో స్టూడియో ఓనరు. ఆయన తాత కాలం నుంచి ఆ బజార్లనే ఉన్నరు. నేను ఆయన కాడ లైటు పట్టెటోణ్ని. రెండు వేల సంవత్సరం దాటి రెండు మూడేండ్లు అయి ఉంటది, నాకు పందొమ్మిదో ఇరవయ్యో. పెళ్లిళ్లల్ల లైటు పట్టుకొని నిలబడుడు, పిల్లలు వైర్లు తొక్కకుండ చూసుడు, అదే నా కొలువు. కెమెరా ముట్టుకుంటే ఉస్తాద్ చెయ్యి మీద ఠపీమని ఒకటి పడేది. కానీ నా లోపల మాత్రం పెద్ద కళాకారుడు కాలు మీద కాలేసుకొని కూసున్నడు. వాణ్ని పాడుచేసింది మా స్టూడియో పరదా. ఆ పరదా మీద మంచుకొండలు, కొండల కింద ఒక సరస్సు, సరస్సు ఒడ్డున గడ్డకట్టిన ఐసు, అద్దం పెంకుల లెక్క. మే నెల ఎండల గూడ ఫ్యాక్టరీ కాలనీల నుంచి షిఫ్టు దిగొచ్చిన కార్మికులు దాని ముంగట పెండ్లాం పిల్లలతోటి నిలబడి ఫోటో దిగెటోళ్లు, చెమటలు తుడుసుకుంట. లైటు పట్టుకొని ఆ పరదా దిక్కే చూసుకుంట ఉండేవాణ్ని నేను. ఎప్పటికైనా అసొంటి ఒడ్డును నిజంగ ఫోటో తియ్యాలె, దాన్ని చూసి ఉస్తాద్ నోరు తెరవాలె, ఆ మరునాడే లైటు ఇంకొకని చేతికిచ్చి కెమెరా నా మెడల వెయ్యాలె. ఇది నా లెక్క. పాల్వంచల మంచు ఎట్ల పడుతది అనే చిన్న సంగతి మాత్రం ఆ లెక్కల లేదు.

ఆ డిసెంబర్ల కిన్నెరసాని డ్యాం నీళ్లు అడవిలోకి ఎక్కిన చోట ఒక చేపలోళ్ల పల్లెల పెళ్లి ఒప్పుకున్నం. 'ఒక్క రీలు పెళ్లి' అనేటోళ్లం అసొంటియి. అంటే పెళ్లి మొత్తం ముప్పై ఆరు ఫోటోలల్ల ఒడిసిపోవాలె. అడవి దిక్కు కెమెరా సంచితోటి పోవుడు అప్పుడు అదొక గుబులు. దారిల ఎవరాపుతరో, పోలీసులో అన్నలో, ఎందుకు ఆపుతరో, ఎవరికి ఏం జవాబు చెప్పాలో తెల్వదు. అందుకే ఉస్తాద్ జేబుల ఎప్పుడూ ఆ పెళ్లి పత్రిక ఉండేది, లైసెన్సు లెక్క. తెల్లారగట్ల చలికి పండ్లు కొట్టుకుంట స్కూటర్ మీద ఆ పల్లెకు చేరి, ముఖం కడుక్కుందామని నీళ్లకాడికి పోతే, నా కాళ్లు అక్కడ్నే ఆగిపోయినయి. నీళ్ల మీద తెల్లటి పొగమంచు. అవతల గుట్టలు. ఒడ్డున రాళ్ల మీద ఐసు! నిజం ఐసు, పలుగులు పలుగులుగ, పొద్దు ఎర్రగ పడి మెరుస్తున్నది. చేపలు కుప్ప పోసి ఎగుమతి చేసేందుకు రోజూ తెల్లారి ట్రాక్టర్ల ఐసు గడ్డలు వస్తయి, వాటిని అక్కడేసి పగలగొడ్తరు. అంతే ముచ్చట. కానీ నా కంటికి మాత్రం స్టూడియో పరదా లేచొచ్చి కిన్నెరసాని ఒడ్డున నిలబడ్డట్టు ఉన్నది.

ఆ ఐసు పగలగొట్టేది ఒక పెద్దమ్మ. ఊరంత ఐసమ్మ అని పిలిచేది. సన్నగ, నల్లగ, చేతిల ఆమె అంత బరువుండే కట్టె సుత్తె. ఆ పెళ్లిపిల్లకు అమ్మమ్మ. చిన్నప్పటి నుంచి ఆ పిల్లను పెంచింది ఆమెనే. కానీ పెళ్లినాడు పొద్దటి నుంచి కూరల గుండిగల కాడనే ఉన్నది. ఉస్తాద్ మూడుసార్లు పిలిచిండు, "అమ్మా, పిల్ల పక్కన నిలబడు, ఒక్క ఫోటో". "వస్త వస్త, పులుసు ఒక పొంగు రానీ" అని ఆమె. పొంగు వచ్చింది, తలంబ్రాలు అయినయి, బంతులు లేచినయి, ఆమె మాత్రం రాలేదు. సాయంత్రం పిల్లను అత్తోళ్లు తోలుకపోయేటప్పుడు గూడ, ఏడుసుకుంట ఎనక నిలబడ్డది గని ఫోటోల పడలేదు. మరి పెళ్లిపెద్ద ఒకాయనకు పాల్వంచల రాత్రి షిఫ్టు ఉండె. "ఉస్తాద్, జల్దీ పోవాలె, నన్ను దింపు" అని స్కూటర్ ఎక్కి కూసున్నడు. ఉస్తాద్ ఒక నిమిషం ఆలోచన చేసి, కెమెరా తీసి నా చేతుల పెట్టిండు. నా జన్మల మొదటిసారి! "దేఖ్ బేటా, ఇరవై ఎనిమిది అయినయి. ఇంక ఎనిమిది ఉన్నయి. ఆ అమ్మమ్మ గిన్నెలు కడుక్కొని వస్తది, ఆమెది ఒక్కటి తియ్యి. మిగిలిన ఏడు ముట్టుకోకు, షాపుల పాస్‌పోర్టులకు పనికొస్తయి. పొద్దుగాల ఫస్టు బస్సుకు సామాను తీసుకొని రా. పెళ్లి మొత్తం ఈ రీలులనే ఉన్నది, సమజైందా?" సమజైందన్న.

ఇక్కడ మా వృత్తిల ఒక దొంగ విద్య చెప్పాలె. ఫ్లాష్ వెనకాల చిన్న ఎర్ర బటన్ ఉంటది. అది నొక్కితే ఫ్లాష్ మెరుస్తది, కెమెరా మాత్రం కదలదు, రీలు ఖర్చు కాదు. పెళ్లిల "నాదొకటి, నాదొకటి" అని మీదపడే పిల్లలకు ఆ ఉత్త ఫ్లాష్ కొట్టి సంబురపెట్టి పంపుతం. ఐసమ్మ వచ్చింది. చేతులు కొంగుకు తుడుసుకున్నది, తడి చేతితోటి వెంట్రుకలు సదురుకున్నది, గోడకు ఆనకుండ నిటారుగ నిలబడి, ఊపిరి బిగపట్టి, "తియ్యి బిడ్డా" అన్నది. నా లోపల ఉన్న కళాకారుడు అప్పటికే పొద్దటి ఐసుకు ఎనిమిది యాంగిళ్లు ఆలోచించి పెట్టుకున్నడు. ఏడు కాదు, ఎనిమిది. నా వేలు పోయి ఎర్ర బటన్ మీద పడ్డది. తళుక్కుమన్నది. "వచ్చిందా బిడ్డా?" "సూపర్‌గ వచ్చింది పెద్దమ్మా." ఆ మాట చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం గూడ వణకలేదు, సిగ్గులేని గొంతు.

తెల్లారింది. ఊరు ఇంక పెళ్లి నిద్రల ఉన్నది, ఐసమ్మ మాత్రం ఒడ్డున సుత్తెతోటి ఐసు కొడుతున్నది. కొంచెం ఐసు కావాలె పెద్దమ్మా, ఫోటో తీస్త అన్న. "ఐసుకు గూడ ఫోటోనా? దానికేం పెళ్లి కుదిరిందా ఏంది?" అని నవ్వి, కొత్త గడ్డ ఇస్తే చేపలు కొనే సేటు తిడుతడని, ఊకల పూడ్చిన నిన్నటి ముక్కలు ఒక తాంబాళం నిండ ఎత్తింది. ఎత్తుకుంట, "దూరం పోకు, ఆ మూలకు అసలే పోకు. పొద్దెక్కితే అది ఎండకు వస్తది" అన్నది. ఆ పల్లెల వాళ్లు నీళ్లకాడ, పొద్దు పొద్దున్నే, దాని పేరు పెట్టి పిలువరు. పిలిస్తే వస్తదని. ఆ సంగతి నాకేం తెలుసు? ఏ పొడిచే ఆంబోతో, ఏ పిచ్చికుక్కనో అనుకున్న. అనుకొని, నావలు, వలలు, మనుషులు ఎవ్వరూ ఫోటోల పడని జాగ ఏదా అని వెతుకుతే సరిగ్గ ఆ మూలనే దొరికింది.

ఊక కడిగి, ముక్కలు నీళ్ల అంచుకు పేర్చిన. పెద్దది ముంగట, చిన్నయి ఎనక, రెండు మూడు రాళ్ల సందుల నిలబెట్టిన. మురిక్కాలువ లెక్క వాసన వస్తున్నది, నిన్నటి చేపల నెత్తురు ఐసుల గులాబీ రంగు గీతలు గీసింది. ఆ రంగు చూసి "అబ్బ, సూర్యోదయం!" అనుకున్న. కిందికెల్లి తీస్తే బాగుంటదని స్టాండు కాళ్లు మూడూ కుదించి, ఒక కాలు రాయి మీద, ఒక కాలు ఇసుకల, మూడో కాలు ఐసు గడ్డ మీద పెట్టిన. (ఐసు కరుగుతదని తెల్వదా అంటే, తెలుసు. మూడో తరగతిల చదివిన.) ఏడు ఫోటోలు తీసిన. ఎనిమిదోది, అంటే రీలుల ముప్పై ఆరోది, నన్ను నేనే తీసుకుందామని ఆశ పుట్టింది. మంచు ఒడ్డున మఫ్లర్ సుట్టుకొని గడ్డం కింద చెయ్యి పెట్టుకున్న యువ కళాకారుడు. కెమెరాకు టైమరు ఉంటది, మీట తిప్పితే గిర్రుమనుకుంట పది లెక్కపెట్టి దానంతట అదే కొడుతది. మీట తిప్పి, ఉరికి, ఐసు పక్కన కూసొని, గడ్డం కింద చెయ్యి పెట్టిన. ఒకటి. రెండు. మూడు. మఫ్లర్ సదురుకున్న. నాలుగు. పక్కన నీళ్లల్ల ఒక దుంగ ఉండె, పొద్దటి నుంచీ చూస్తున్న, ఫ్రేముకు మంచిగనే ఉన్నదిలే అనుకున్న. ఐదు. ఆ దుంగ ఇందాక అంత దగ్గర లేదు గద? ఆరు. దుంగకు కన్ను ఉన్నది.

ఆ కన్ను నన్ను చూసింది. పసుపుపచ్చ కన్ను, నడుమ నిలువు గీత. మిగిలిన నాలుగు అంకెలు నేను లెక్కపెట్టలేదు, ఒక చెప్పు అక్కడ, ఒక చెప్పు గాలిల, మఫ్లరు ఎనక. నేను ఉరుకుతుంటే నా వెనకాల 'క్లిక్' అని చిన్నగ వినబడ్డది. అంత భయంల గూడ "అయ్యో, ఫోటో పాడైపోయె" అని మనసుల అనుకున్న, నా బుద్ధి అసొంటిది. ఇప్ప చెట్టు ఒకటి కనబడితే ఎక్కేసిన. అప్పటిదాక నాకు చెట్లు ఎక్కరాదు.

చెట్టు మీద కూసొని కిందికి చూస్తే పై ప్రాణాలు పైనే పోయినయి. మొసలి మొత్తం బయటికొచ్చింది. ఇద్దరు మనుషులు పండుకున్నంత పొడుగు. వచ్చి, చేపల వాసన ఉన్న ఆ ఐసుకు మూతి ఆనిచ్చి, నోరు కొంచెం తెరిచి, ఎండ కాగుకుంట పండుకున్నది. దాని మూతికి రెండు జానల దూరంల స్టాండు. స్టాండు మీద కెమెరా. కెమెరాల రీలు. రీలుల తాళి, తలంబ్రాలు, జీలకర్ర బెల్లం, అప్పగింతల ఏడుపు, ఆ పిల్ల బతుకుల ఒక్కసారే అయ్యే పెళ్లి మొత్తం. పొద్దు ఎక్కుతున్నది. ఐసు కరుగుతున్నది. ఐసు మీదున్న మూడో కాలు ఒక వేలంత జారింది, కెమెరా నీళ్ల దిక్కు కొంచెం తల వంచింది. భద్రాచలం రామయ్యకు గుండు మొక్కిన. ఇంకో వేలంత జారింది. ఉస్తాద్ ఏడాదికొకసారి పోయే దర్గాకు చాదర్ మొక్కిన. మళ్ల జారింది. ఆ పల్లె అమ్మవారి పేరు తెల్వక "ఓ అమ్మా, పేరు తర్వాత కనుక్కుంట" అని ఆమెకూ మొక్కిన. దిగుదామంటే కాళ్లు కొమ్మను ఇడుస్తలేవు. ముచ్చెమటలు పట్టి, డిసెంబర్ చలిల, చెట్టు మీద కోతి లెక్క కూసొని, ఆఖరికి ఒకటే అరుపు అరిసిన. ఇంత వయసొచ్చినా, "పెద్దమ్మా!" అనే అరుపు.

ఐసమ్మ వచ్చింది. చెట్టు మీద నన్ను చూసింది, ఒడ్డున దాన్ని చూసింది, ఒంగుతున్న కెమెరాను చూసింది. "చెప్తి గద బిడ్డా!" అన్నది. "పోకు పెద్దమ్మా, మనుషులను పిలువు" అని మొత్తుకున్న. ఆమె ఆగితే గద. గట్టు మీది నుంచి సుట్టు తిరిగి, ఒక చేతిల తాంబాళం, ఒక చేతిల సుత్తె, ఢమఢమ కొట్టుకుంట, నోటికొచ్చిన తిట్లు తిట్టుకుంట పోయింది. పక్కింటి బర్రె పెరట్ల పడితే ఎట్ల తిడుతరో గట్లనే. "లెవ్వు! ఏం పండుకున్నవ్ ఈడ, నీ అత్తగారిల్లా? లెవ్వు, నడువ్!" మొసలి ఆమె దిక్కు తల తిప్పింది. అప్పుడు నేను కండ్లు మూసుకున్న, ఇది దాచిపెట్టను. తాంబాళం చప్పుడు ఆగలేదు. ఒక పెద్ద నీళ్ల చప్పుడు. కండ్లు తెరిస్తే మొసలి లేదు, ఐసమ్మ స్టాండును కట్టెల మోపు లెక్క భుజం మీద ఏసుకొని నడిసొస్తున్నది. మూడో కాలు కింద ఐసు అప్పుడే విరిగి నీళ్లల్ల తేలుతున్నది.

నేను దిగిన. దిగుడు కాదు, పడ్డ. కెమెరా నా చేతికిచ్చి ఆమె కింద కూలబడ్డది. "నీకు భయం కాలేదా పెద్దమ్మా?" అన్న. "కాదా ఏంది? పానం పోయిందనుకున్న." "మరి ఎందుకు పోయినవ్?" ఆమె నన్ను పిచ్చోణ్ని చూసినట్టు చూసింది. "నిన్న నా ఫోటో తీసినవ్ గద బిడ్డా. అండ్లనే ఉన్నది గద. రేపు పిల్ల అత్తోరింట్ల పుస్తకం తెరిసి సూసుకుంటే, నేను లేకపోతే దానికి ఎట్లుంటది?" మొసలి కన్ను నన్ను చూసినప్పుడు గూడ నాకు అంత భయం కాలేదు. కెమెరా దిక్కు చూసిన. ముప్పై ఆరు. రీలు అయిపోయింది. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి మిగిలినా బాగుండు. "వచ్చిందన్నవ్ గద?" అన్నది మళ్ల. నేను తల ఊపి, చెప్పులు లేకుండనే బస్సు ఎక్కిన.

ల్యాబు నుంచి ఫోటోలు వచ్చేదాక నాలుగు రోజులు నేను మనిషిని కాను. వచ్చినంక ఉస్తాద్ కౌంటర్ మీద ఒక్కొక్కటి పేర్చిండు. పెళ్లి ఇరవై ఎనిమిదీ నిలబడ్డయి, అల్హమ్దులిల్లా అన్నడు. ఆ తర్వాత నా ఏడు యాంగిళ్లు వచ్చినయి. తెల్ల పొగల తెల్ల ఐసు, అంటే ఏమీ లేదు. ఒక దాంట్ల మాత్రం ఐసుల నుంచి చేప తోక ఒకటి సక్కగ కనబడుతున్నది. ముప్పై ఆరోది చేతిలకు తీసుకొని ఉస్తాద్ చానాసేపు చూసిండు. ఒక మూల మఫ్లర్ కొస, గాలిల ఒక చెప్పు, నా ఎడమ మడమ, ఇంకో మూల నింపాదిగ మొసలి. ఉస్తాద్ కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్విండు. నవ్వు తుడుసుకొని, మళ్ల మొదటి నుంచి లెక్కపెట్టిండు. "అమ్మమ్మ ఏది?" నేను నేల చూసిన. "ఉత్త ఫ్లాష్ కొట్టినవా?" అవ్ అన్న. కొడుతడనుకున్న, కొడితే బాగుండు. ఆయన కొత్త రీలు డబ్బా విప్పి, కెమెరాల ఎక్కించి, పళ్లకు పట్టిందో లేదో రెండుసార్లు చూసి, నా మెడల వేసిండు. ఎన్నేండ్ల నా కోరిక! "పో. ముందుగాల చెప్పు, ఆ తర్వాత తియ్యి" అన్నడు.

ఆ పల్లెకు పోయే బస్సుల నేను రెండు భయాలు పెట్టుకొని కూసున్న. మొసలి భయం చిన్నది. ఐసమ్మ ఒడ్డునే ఉన్నది, చేతిల సుత్తె. చెప్పిన. అంత చెప్పిన, ఎర్ర బటన్ గూడ చూపించిన. ఆమె సుత్తె కింద పెట్టి నీళ్ల దిక్కు చూసుకుంట నిలబడ్డది. "అంటే ఆ దినం నేను దాని నోటికాడికి ఉత్తగనే పోయిన్నా?" అన్నది. నాకు ఏడుపొచ్చింది. "పెళ్లి ఫోటోలు నువ్వు తెచ్చినయే పెద్దమ్మా, అన్నీ మంచిగొచ్చినయి" అని మాత్రం అనగలిగిన. ఆమె వంగి, ఆ నీళ్లతోటే మొఖం కడుక్కొని, కొంగుతోటి తుడుసుకొని, ఐసు గడ్డల పక్కన నిటారుగ నిలబడ్డది. "మరి తియ్యి." మంచి ఎండ, ఫ్లాష్ అవసరమే లేదు. నొక్కిన. ఆమె మొఖం ఎర్రగైంది. "మెరుపు రాలే! మళ్ల మోసమేనారా?" సుత్తె మీదికి చెయ్యి పోయింది. దండం పెట్టి, ఫ్లాష్ ఎక్కించి, పట్టపగలు కండ్లు చెదిరే మెరుపుతోటి ఇంకొకటి కొట్టిన. అప్పుడు శాంతించింది. "వచ్చిందా?" అన్నది. సూపర్‌గ వచ్చిందని నోటిదాక వచ్చింది. మింగిన. "తెల్వదు పెద్దమ్మా, కడిగితేనే తెలుస్తది. నాకు గూడ భయమైతున్నది" అన్న. "గట్ల చెప్పు" అన్నది ఆమె.

వచ్చింది. పిల్ల ఆల్బంల మొదటి పేజీల పెట్టినం, పసుపు కుంకుమల పేజీకి ముందు. మెరుపుకు కండ్లు పెద్దగ చేసుకొని, పక్కన ఐసు, వెనక గుట్టలు, చేతిల సుత్తె. స్టూడియో పరదా కన్న బాగుంటది.

ఇప్పుడు ఆ స్టూడియో నేనే నడుపుతున్న. ఉస్తాద్ లేడు, రీళ్లు లేవు, పరదా ఎలుకలు కొట్టినయి. పెళ్లిళ్లల్ల కెమెరా వెనక అద్దంల అన్నీ అప్పటికప్పుడే కనబడుతయి, ఎవనికీ భయం లేదు. కానీ నా గల్లా వెనక గోడకు ఒక ఫోటో వేలాడుతున్నది, ఒక మఫ్లర్ కొస, గాలిల ఒక చెప్పు, ఒక మడమ, ఇంకో మూల మొసలి. కొత్తగ వచ్చినోళ్లు ఇదేంది అని అడుగుతరు. ఇరవై ఏండ్ల పోరడు, ఎటు ఉరుకుతున్నడో వానికే తెల్వదు, చూస్తే ఇప్పటికీ నవ్వొస్తది. పొయ్యికాడి నుంచి ఎవరన్న ఆలస్యంగ చేతులు తుడుసుకుంట వచ్చి "వచ్చిందా బిడ్డా" అని అడిగితే మాత్రం, అద్దంల సక్కగ కనబడుతున్నా సరే, ఇంకోసారి చూసినంకనే వచ్చిందని చెప్త.